రెండో గొంతు

ఊళ్ళో ఎవరికైనా ఒక పాట సగం గుర్తొచ్చి సగం గుర్తురాక ప్రాణం తీస్తుంటే, వాళ్ళు నేరుగా సంగీత గ్రంథాలయానికి వెళ్ళి కూనిరాగం మాస్టారి బల్ల ముందు కూర్చునేవారు. ఆయన పాఠాలు చెప్పే మాస్టారు కాదు. జన్మలో ఒక్క పిల్లవాడికి ఒక్క అక్షరం నేర్పిన పాపాన పోలేదు. రికార్డులూ క్యాసెట్లూ స్వరాల పుస్తకాలూ చూసుకునే ఉద్యోగి, అంతే. కానీ వచ్చినవాళ్ళు నోటికొచ్చినట్టు ఓ కూనిరాగం తీస్తే చాలు, కళ్ళు మూసుకుని విని, చిత్తుకాగితం మీద పెన్సిలుతో ఏదో గిలికి, లోపలికి వెళ్ళి ఆ పాటతోనే తిరిగొచ్చేవారు. అందుకే జనం ఆ పేరు పెట్టారు. పైకి చిరాకు పడేవారు గానీ లోపల ఆయనకు ఆ పేరంటే మహా మక్కువ.

ఆ గిలుకుడులో మంత్రమేమీ లేదు. పాట ఎత్తుకున్నాక ఒక్కో స్వరం దాని ముందుదానికంటే పైకెక్కిందా, కిందికి దిగిందా, ఉన్నచోటే నిలిచిందా అన్నదొక్కటే ఆయన చూసేవారు. ఎక్కు, దిగు, నిలు. ఈ మూడు మాటల్లోనే గ్రంథాలయంలో ఉన్న ప్రతి పాట ఎత్తుగడకీ ఒక కార్డు రాసి సొరుగుల్లో వరసగా పేర్చారు. పాడేవాడి శ్రుతి ఎంత అధ్వాన్నంగా ఉన్నా ఎక్కాల్సిన చోట ఎక్కుతాడు, దిగాల్సిన చోట దిగుతాడు కదా అన్నది ఆయన ధీమా. ఆ ధీమా ఎప్పుడూ వమ్ము కాలేదు.

అడిగింది ఇచ్చి ఊరుకుంటే ఆయన కూనిరాగం మాస్టారు ఎందుకవుతారు? ఇది నచ్చిందంటే మీకు అదీ నచ్చుతుందని ఇంకో రెండు బలవంతాన చేతిలో పెట్టేవారు. పడవవాళ్ళ పాటలకొచ్చిన మనిషి బొగ్గుగనివాళ్ళ పాటలు కూడా మోసుకుని వెళ్ళేవాడు. గుమ్మం పక్కన నల్లబల్ల మీద ‘ఈ వారం వినదగ్గవి’ అని వారం వారం ఆయనే రాసేవారు. ఆ బల్ల చూసి పోవడానికే దారి మార్చుకుని వచ్చేవాళ్ళు ఉండేవారంటే అతిశయోక్తి కాదు.

అలాంటి మనిషికి సొంత భార్య తీస్తున్న కూనిరాగం ఏ పాటదో అంతు చిక్కలేదు.

ఆవిడ వంటింట్లో కూరలు తరుగుతూ తరుగుతూనే ఒరిగిపోయింది. పక్షవాతం. కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి. ప్రాణం దక్కింది గానీ మాట దక్కలేదు. ఎదుటివాళ్ళు చెప్పేది అర్థమవుతుంది, కళ్ళు చెబుతూనే ఉంటాయి. కానీ నోరు తెరిస్తే మాటకు బదులు ఊపిరి వస్తుంది. ఒక్కోసారి, ఎవరూ పలకరించనప్పుడు, ఆ నోట్లోంచి చిన్న రాగం వచ్చేది. ఎప్పుడూ అదే. ఒక స్వరం మీద చాలాసేపు నిలిచి, ఒక మెట్టు దిగి, అక్కడా నిలిచి, మళ్ళీ ఒక మెట్టెక్కి, అంతకంటే ఎటూ పోకుండా గుమ్మంలోనే తచ్చాడినట్టు ఉండేది.

ఆసుపత్రిలో ఆవిడకు మాట నేర్పుతున్న అమ్మాయి ఆ రాగం విన్న రోజున మాస్టారిని వరండాలోకి పిలిచి చెప్పింది. మాట పోయినవాళ్ళలో కొంతమందికి పాట పోదట. మాట ఉండే గదికి తాళం పడినా, పాట ఉండే గది వేరు గనక ఆ తలుపులోంచి మాటను బయటికి తేవచ్చునట. “ఆవిడ తీస్తున్నది ఏ పాటో కనుక్కోండి సార్. ఆ పాట మాటలతో సహా ఆవిడ చేత పాడించగలిగితే తర్వాత సొంత మాటలు వస్తాయి. పాటలు వెతకడంలో మిమ్మల్ని మించినవాళ్ళు లేరంటారుగా” అంది.

అంతవరకు బాగానే ఉంది. ఆ తర్వాత చెప్పిన మాటకే మాస్టారికి కాళ్ళు చేతులు ఆడలేదు. ఆ వార్డులో మంచాలు తక్కువ, బయట కాచుకున్నవాళ్ళు ఎక్కువ. వచ్చే వారం శుక్రవారం పెద్ద డాక్టరుగారు అందరినీ చూస్తారు. కాస్తయినా మాట వచ్చే జాడ కనిపిస్తే ఉంచుతారు. లేకపోతే ఇంటికి తీసుకెళ్ళమంటారు. ఇంట్లో మాట నేర్పేవాళ్ళెవరు? ఒకసారి ఇంటికి వెళ్ళినవాళ్ళకు ఈ మంచం మళ్ళీ దొరకదు. అంటే ఆ నోరు అలాగే మూతపడిపోతుంది. ఎన్నేళ్ళు బతికితే అన్నేళ్ళూ ఆవిడ ఎదురుగా కూర్చుని కళ్ళలోకి చూస్తూ, ఏం కావాలో తెలియక, తనలో తానే మాట్లాడుకుంటూ గడపాలి.

ఆ రోజే సొరుగులన్నీ లాగారు. నిలు, నిలు, దిగు, నిలు, ఎక్కు. అలా మొదలయ్యే పాట ఒక్కటీ లేదు. పాట మధ్యలోంచి తీస్తోందేమోనని చరణాల కార్డులూ చూశారు. దగ్గర దగ్గరగా ఉన్నవి పట్టుకెళ్ళి చెవి దగ్గర వినిపించారు. జోలపాటలు తీసుకెళ్ళారు, రేడియో వాళ్ళ పాత లలితగీతాలు తీసుకెళ్ళారు, ఇద్దరూ కొత్తగా కాపురం పెట్టినప్పుడు వీధి వీధంతా పాడుకున్న సినిమా పాటలు తీసుకెళ్ళారు. ఆవిడ మర్యాదకు కాసేపు వినేది. తర్వాత మొహం పక్కకు తిప్పుకునేది. ముక్కూ మొహం తెలియనివాళ్ళ మనసులోని పాట పట్టేసే మనిషికి, ఆ తిప్పుకున్న మొహం చూస్తే చెంప మీద కొట్టినట్టుండేది.

పగటిపూట అక్క దగ్గర ఉండేది మరదలు. ఆవిడ నోటికి అదుపు లేదు, మనసులో కల్మషమూ లేదు. బావ సంచీలోంచి క్యాసెట్ల మీద క్యాసెట్లు తీస్తుంటే, “ఏం బావా, కొట్టు పెడుతున్నావా?” అనేది. ఆ మరదలే ఒకరోజు, అక్క టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసేటప్పుడు అక్కడి ఆపరేటర్ల బృందంలో పాడేది కదా, ఆ పాటలు చూశావా అని అడిగింది.

చూడకపోవడమేమిటి? మాస్టారు మొట్టమొదట చూసినవి అవే. ఎక్స్ఛేంజి మూతపడ్డప్పుడు ఆ బృందం క్యాసెట్టు గ్రంథాలయానికే వచ్చింది. దాంట్లోని పాటలన్నిటికీ కార్డులు రాసింది ఆయనే. ఒక్కటీ ఆ రాగంతో కలవలేదు. కాబట్టి అవి కావని ఆ క్యాసెట్టు పక్కన పెట్టేశారు. కార్డు అబద్ధమాడదు కదా.

నిజానికి ఆ రాగం ఆయనకు కొత్తేమీ కాదు, అదే అసలు బాధ. పెళ్ళయిన నాటి నుంచీ వంటింట్లోంచి అది వినిపిస్తూనే ఉంది. కుక్కరు కూత విన్నట్టే విన్నారు తప్ప, ఏం పాట అని ఏనాడూ అడగలేదు. ఏదో పాటను పాడుచేస్తోందనుకునేవారు. “శ్రుతి తప్పింది” అని హాల్లోంచి కేకేసేవారు, సరదాకే. ఆవిడ నవ్వి ఇంకాస్త గొంతు తగ్గించి పాడుకునేది. ఊరందరి కూనిరాగాలకూ చెవి ఒగ్గిన మనిషి ఇంట్లోదానికి ఒగ్గలేదు. ఇది ఇప్పుడు తలుచుకుంటే ఆయనకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించేది.

రెండో వారానికి వ్యవహారం తలకిందులైంది. పాటలు కనుక్కుందామని వచ్చినవాళ్ళకు మాస్టారే రాగం తీసి, ఇదెక్కడైనా విన్నారా అని అడగడం మొదలుపెట్టారు. వాళ్ళు బిత్తరపోయేవారు. ఇది పాటలా లేదండీ, పాట తాలూకు గోడలా ఉంది అన్నాడొక దర్జీ. ఇంకో ఊళ్ళో తన పనే చేసే స్నేహితుడికి ఫోన్ చేసి వినిపిస్తే, ఆయన చాలాసేపు ఆలోచించి, పాపం ఆవిడకు రాగం కూడా పాడయిందేమోనని మెల్లగా అన్నాడు. మాస్టారు ఠక్కున ఫోన్ పెట్టేశారు. నల్లబల్ల మీద పాతవారం రాసిందే ఉండిపోయింది. స్కూలు నాటకానికి వానపాట కావాలని వచ్చిన టీచరమ్మ మీద, వాన పడుతుంటే బయటికెళ్ళి వినలేరా అని విరుచుకుపడ్డారు. ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుని వెళ్ళిపోయింది. ఆ మాట అన్నది తనేనా అని ఆయనకే అసహ్యం వేసింది. అయినా లేచి వెళ్ళి క్షమించమని అడిగే ఓపిక లేదు.

బుధవారం వచ్చేసింది. సాయంత్రాలు గ్రంథాలయం మేడమీద గదిలో బస్సు డిపో ఉద్యోగుల బృందం సాధన చేసుకుంటుంది. వాళ్ళకు పాటలు ఏరి ఇచ్చేదీ మాస్టారే. ఆయన కింద బల్ల మీద తల ఆనించి కూర్చున్నారు. పైనుంచి పాట మొదలైంది. చెవులు అలవాటుకొద్దీ విన్నాయి. నిలు, నిలు, ఎక్కు, దిగు, నిలు. ఇదేం పాట? ఒక మెట్టు ఎక్కి దిగడం, మళ్ళీ అక్కడే నిలబడటం. తనకు తెలియని పాట ఈ డిపో వాళ్ళకు ఎక్కడ దొరికింది? ఇంకాసేపు విన్నారు. పాట ఎటూ పోవడం లేదు. గుమ్మంలోనే తచ్చాడుతోంది.

ఆయన మెట్లు ఎలా ఎక్కారో ఆయనకే తెలియదు. తలుపు తోసి, ఇదేం పాటని అడిగారు. గదిలో ఉన్న నలుగురైదుగురు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుని నవ్వేశారు. పోయిన నెల ఆయన ఇచ్చిన పాటే అది. కోతల పాట. మొదటి గొంతులవాళ్ళు ఇంకా రాలేదు. బస్సులు నడిపేవాళ్ళే గానీ ఒక్కరూ వేళకు రారు. అందుకని వాళ్ళ పాట కింద వేరే వరస పట్టుకుని ఉండే రెండో గొంతులవాళ్ళు తమ వరస తాము పాడుకుంటున్నారు.

“మేం ఎప్పుడూ వాళ్ళ కిందే ఉంటాంగా మాస్టారూ, విడిగా మమ్మల్ని మా ఇంట్లోవాళ్ళే గుర్తుపట్టరు” అన్నాడొక కండక్టరు.

మాస్టారు అక్కడున్న బల్ల మీద కూలబడ్డారు. తన సొరుగుల్లో ఉన్న వేల కార్డుల్లో ఒక్కటి కూడా రెండో గొంతుది కాదు. పాట అంటే మొదటి గొంతు పాడేదే అన్నట్టు రాసుకుంటూ పోయారు. ఎవరూ తప్పుపట్టలేదు, పాటలు వెతుక్కుంటూ వచ్చేవాళ్ళెవరూ రెండో గొంతు కూనిరాగం తీయరు గనక. తీసే మనిషి ఒక్కరే ఉన్నారు. ఆ మనిషి ఇన్నేళ్ళూ శ్రుతి తప్పకుండా, స్వరం స్వరమూ తన వరస తను పాడుకుంటోంది. పైన ఉండాల్సిన పాటే లేదు.

ఎక్స్ఛేంజి బృందాన్ని నడిపిన సూపర్‌వైజరమ్మ నంబరు మరదలి దగ్గర దొరికింది. ఆవిడ వేరే ఊళ్ళో కూతురి దగ్గర ఉంటోంది. తుంటి ఎముక విరిగి మంచం దిగడం లేదు గానీ గొంతు మాత్రం ఖంగుమంటోంది. మాస్టారు సంగతంతా చెప్పి, ఫోన్లో ఆ రాగం తీశారు. అవతల నిశ్శబ్దం. లైను తెగిందేమో అనుకున్నారాయన. అంతలో ఆ ముసలి గొంతు ఆయన రాగం మీదికి తన పాటను తెచ్చి పరిచింది.

*ఎవరండీ ఆ చివర, ఎవరండీ ఆ చివర?*
*గాలి తప్ప వినబడదు, పలకరేమి ఆ చివర?*

మాస్టారికి రెండు కళ్ళూ ధారలు కట్టాయి. అతికినట్టు సరిపోయింది. ఎక్స్ఛేంజి వార్షికోత్సవానికి ఆపరేటర్ల మీద తనే కట్టిన వేళాకోళం పాట అని ఆవిడ చెప్పింది. మొదటి గొంతులు అడుగుతూ పోతాయి. రెండో గొంతులు మాటల్లేకుండా కింద రాగం పట్టుకుని ఉంటాయి, టెలిఫోన్ తీగలాగా. అన్నీ అడగడం అయ్యాక, చివర మొదటి గొంతులు ఆగిపోతాయి. అప్పుడు రెండో గొంతులు మాత్రమే పాడతాయి. *ఉన్నానండీ, ఉన్నానండీ, మాట్లాడండీ.* అంతే పాట.

“మీ ఆవిడే మా రెండో గొంతులకు ఆధారమండీ. తను రాని రోజున మిగతావాళ్ళంతా మా వరసలోకి జారిపోయేవాళ్ళు. తనుంటే ఒక్కళ్ళు కదిలేవాళ్ళు కాదు” అందావిడ. ఆ వెంటనే అడిగింది. “మీకెప్పుడూ చెప్పలేదా?”

అడిగితే కదా చెప్పేది.

మర్నాడు పొద్దున్నే ఆ క్యాసెట్టు తీసుకుని ఆసుపత్రికి పరిగెత్తారు. కొండంత ఆశతో ఆవిడ చెవులకు హెడ్‌ఫోన్ పెట్టారు. పాట మొదలవగానే ఆవిడ కళ్ళు పెద్దవయ్యాయి. పెదవులు కదిలాయి. మాట నేర్పే అమ్మాయి ఊపిరి బిగబట్టింది. కానీ పాట పోతూనే ఉంది. ఆవిడ నోరు తెరిచేలోగా ఆ చోటు దాటిపోయింది. మళ్ళీ పెట్టారు. మళ్ళీ దాటిపోయింది. నాలుగోసారికి ఆవిడ ఎడమచేత్తో ఆ హెడ్‌ఫోన్ లాగి పడేసి ఏడ్చింది.

“టేపు ఆగదు సార్, ఆపినా ఎదురుచూడదు. ఆవిడ అందుకునేదాకా ఎవరైనా ఆగాలి. మనిషైతే ఆగుతాడు” అంది ఆ అమ్మాయి. తను పాడి చూసింది. ఆవిడ మొహమాటంగా చూసి ఊరుకుంది. మరదలు పాడబోయి మొదటి ముక్కలోనే ఏడుపు ఆపుకోలేక బయటికి పోయింది. మిగిలింది మాస్టారు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఊరందరి పాటలూ పట్టే మాస్టారు నోరు తెరిచి పాడగా విన్నవాళ్ళు లేరు. రాగం పెదవుల వెనక తీయడమే గానీ గొంతు విప్పరు. విప్పితే ఎలా ఉంటుందో ఆయనకు బాగా తెలుసు. పెద్ద పెద్దవాళ్ళ తప్పులు పట్టే చెవికి తన గొంతు వినడమంటే శిక్ష. అయినా వరండాలో గోడవైపు తిరిగి, ఫోన్లో సూపర్‌వైజరమ్మ చెబుతుంటే ముక్క ముక్కా నేర్చుకున్నారు. ఆవిడ నిక్కచ్చిగా దిద్దింది, బతిమాలినా వదల్లేదు. దారిన పోయే ఆయా, ఆసుపత్రిలో ఈ అరుపులేమిటని కసురుకుంది. ఆయనకు సిగ్గుపడే తీరిక కూడా లేదు.

మధ్యాహ్నం మంచం పక్కన కూర్చుని పాడారు. బొంగురు గొంతు వణికింది. *ఎవరండీ ఆ చివర* అనగానే ఆవిడ మొహంలోకి ఏదో వచ్చింది. నవ్వేనేమో. ఎడమచేత్తో ఆయన మోచెయ్యి పట్టుకుని, కింది వరస అందుకుంది. ఇంతకాలం కాపురంలో వాళ్ళిద్దరూ కలిసి పాడటం అదే మొదలు. ఆయన ఎక్కడ తడబడినా ఆవిడ రాగం మాత్రం చెక్కు చెదరలేదు. చివర ఆయన ఆగారు. ఆవిడ వంతు వచ్చింది. నోరు తెరిచింది, మెడ నరాలు లేచాయి, రాగం వచ్చింది. మాట రాలేదు.

ఇంకోసారి. ఇంకోసారి. చూడ్డానికి వచ్చినవాళ్ళను పంపేసే గంట కొట్టేదాకా పాడుతూనే ఉన్నారు. పక్క మంచాలవాళ్ళు మొదట్లో ముచ్చటపడ్డారు, తర్వాత విసుక్కున్నారు, ఆఖరికి జాలిపడ్డారు. ఆవిడ చెమటతో తడిసిపోయింది. ఆయన ఆవిడ చెయ్యి రెండు చేతుల్లో పట్టుకుని, “ఒక్క మాట. ఒక్కటంటే ఒక్కటి. రేపొక్కరోజు గడిస్తే చాలు, ఇక్కడే ఉంచుతారు నిన్ను” అని ప్రాధేయపడ్డారు. ఆవిడ ఆయన్నే చూస్తూ ఉండిపోయింది. ఆ చూపుకు ఆయన తనకు తోచిన అర్థమే చెప్పుకున్నారు.

శుక్రవారం పెద్ద డాక్టరుగారు వచ్చారు. మంచి మనిషే, కాకపోతే చూడాల్సిన మంచాలు చాలా ఉన్నాయి. మాట నేర్పే అమ్మాయి పాట సంగతి చెబితే ఓపిగ్గా విని, పాటలో మాటలు పలికినంత మాత్రాన సరిపోదని ముందే చెప్పారు. అది కంఠతా పట్టింది బయటికి రావడమే. సొంతంగా ఒక్క మాట కట్టుకుని పలికితే అప్పుడది మాట అవుతుంది. పాటలోని ఆ మూడు ముక్కలకే దిక్కు లేదు. సొంత మాటట.

అయినా మాస్టారు కూర్చుని ఎత్తుకున్నారు. మొదటి స్వరమే తప్పింది. డాక్టరుగారి వెనక నిలబడ్డ కుర్ర డాక్టర్లలో ఒకరు నవ్వు ఆపుకున్నారు. మాస్టారు కళ్ళు మూసుకుని పాడుకుంటూ పోయారు. కింద ఆవిడ రాగం మొదలైంది, సన్నగా, నిలకడగా. అడగవలసినవన్నీ అడగడం అయింది. ఆయన ఆగారు.

డాక్టరుగారు చేతిగడియారం చూసుకోబోయి మానేశారు. మాస్టారు ఆగే ఉన్నారు. టేపులా పరిగెత్తకూడదని, ఇంకా ఆగాలని పళ్ళు బిగించి ఆగారు. ఆవిడ పెదవులు కలిశాయి, విడిపోయాయి, మళ్ళీ కలిశాయి. రాగం బయల్దేరింది. ఈసారి రాగం మీద మాటలు ఉన్నాయి.

“చాలండీ... చాలండీ... ఇంటికెళ్దాం... పదండీ.”

స్వరం ఒక్కటీ తప్పలేదు. ఉన్నానండీ అన్న చోట చాలండీ వచ్చి కూర్చుంది. మాట్లాడండీ అన్న చోట ఇంటికెళ్దాం పదండీ.

మరదలు అక్కను చుట్టేసుకుని భోరుమంది. మాట నేర్పే అమ్మాయి డాక్టరుగారి చెయ్యి పట్టుకుని, పాటలో ఉన్న మాటలు అవి కావు సార్, ఆవిడే కట్టుకుంది, ఆవిడే కట్టుకుంది అని రెండుసార్లు చెప్పింది. డాక్టరుగారి మొహం వికసించింది. ఇంత త్వరగా ఇలా రావడం తను చాలా తక్కువసార్లు చూశానన్నారు. ఇంత ఆశ ఉన్న మనిషిని ఇంటికి పంపే ప్రశ్నే లేదని, ఇంకో మూడు నెలలు ఈ మంచం ఆవిడదేనని చెప్పి, మాస్టారి భుజం తట్టి వెళ్ళిపోయారు. కుర్ర డాక్టర్లు కూడా వెళ్ళారు. పక్క మంచం మీది ముసలమ్మ చప్పట్లు కొట్టింది.

మాస్టారు కోరుకున్నదే జరిగింది. ఏ దేవుడు ప్రత్యక్షమై ఏం కావాలన్నా ఇదే అడిగేవారు. కానీ ఆయన లేవలేదు, నవ్వలేదు. అందరూ ఆవిడ మాట్లాడిందన్నారు. ఏం మాట్లాడిందో ఒక్కరూ పట్టించుకోలేదు. ఆవిడ వాళ్ళనెవరినీ చూడటం లేదు. ఆయన్నే చూస్తోంది.

ఆయన వంగి, ఆ పాట వరసలోనే బతిమాలారు.

“ఇంకొన్నాళ్ళే, ఇంకొన్నాళ్ళే... నా కోసమే, ఇంకొన్నాళ్ళే.”

ఆగారు. ఆవిడ వంతు. ఆవిడ పెదవులు కదలలేదు. వినపడలేదేమోనని మళ్ళీ పాడారు. ఈసారి శ్రుతి కూడా తప్పలేదు. ఆవిడ చక్కగా విన్నది, కళ్ళు కూడా ఆర్పకుండా విన్నది. కింది వరస అందుకోలేదు. ఇన్ని రోజులూ ఆవిడ మాట్లాడలేకపోయింది. ఇప్పుడు మాట్లాడటం లేదు. ఆ రెండూ ఒకటి కావని ఆయనకు ఆ క్షణాన తెలిసింది. ఈ మంచం ఆవిడ అడిగింది కాదు. ఈ మూడు నెలలూ ఆవిడకు కాదు, ఆ నిశ్శబ్దంలో ఒంటరిగా కూర్చోలేని తనకు. మొదటి గొంతు ఒక్కటే పాట అనుకున్న పొరపాటు ఆయన సొరుగుల దగ్గరే ఆగిపోలేదు, ఈ మంచం దగ్గరా చేశారు.

“ఏం బావా, అలా అయిపోయావేం?” అంది మరదలు కళ్ళు తుడుచుకుంటూ.

ఆయన లేచారు. వరండాలోకి నడిచారు. డాక్టరుగారు అప్పటికే అవతలి వార్డు తలుపు దగ్గర ఉన్నారు. మాస్టారు ఆయన్ను పిలిచారు. ఇప్పుడీ మంచం వదిలితే మళ్ళీ దొరకదని తెలుసు. ఆ మాటలు ఇంట్లో రెండోసారి వస్తాయో రావో, ఇవే ఆఖరివో, ఎవరూ చెప్పలేరని కూడా తెలుసు. డాక్టరుగారు ఆగారు.

“డాక్టరుగారూ, మా ఆవిడ ఇంటికి వెళ్దామంటోందండీ.”